దసరా మర్నాడు మా కారు కక్కిన నీలిపొగ

మా చిన్నప్పుడు... దసరా మర్నాడు పొద్దున్నే మా కారు నీలం పొగ వదిలింది!

తెల్ల పొగ తెలుసు, నల్ల పొగ తెలుసు. ఇది మాత్రం బట్టలకు పెట్టే నీలిమందు నీళ్లను గాల్లోకి చిమ్మినట్టు... వాకిలంతా నీలం. నేనూ తమ్ముడూ ఎగిరి గంతులేశాం. ఆ రంగుకు సరైన మాట కోసం ఇవాళ్టికీ వెతుకుతూనే ఉన్నాను.

మాది షామీర్‌పేట్. ఆ కారు వయసులో నాకంటే పెద్దది. మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్లు ఎక్కలేని మా అవ్వ, కుర్చీలో కూర్చున్నంత సులువుగా కూర్చోగలిగింది అందులోనే. మచ్చ బొల్లారంలో ఉన్న చెల్లెల్ని చూడాలంటే ఆమెకు అదొక్కటే దారి. ఆ రోజు కూడా చెల్లెలికివ్వాల్సిన జమ్మి ఆకు కొంగున ముడేసుకుని తయారై కూర్చుంది.

నాయిన ఇంజన్ ఆపి, వంగి కిందికి చూశాడు. చుక్కచుక్కగా నూనె... ఆయన ముఖం మాడిపోయింది.

"నీలం పొగొచ్చిందంటే ఇంజన్ ఖతమైనట్టే. బాగుచేసుడు మనతోని గాదు. మేడ్చల్‌ల పాత బండ్లు కొనేటాయనకు రేపు అప్పజెప్త."

"మరి నేను బొల్లారం ఎట్ల వోవాలె కొడుకా?" అంది అవ్వ.

మా గంతులు ఆగిపోయాయి.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. పక్కింటి సుభద్ర ఆంటీని పిలుచుకొచ్చింది. ఆంటీ వాళ్లది కాకినాడ వైపు. బడిలో సైన్సు చెప్పేవారు. వాళ్ల పాత కారును తనే నడిపేవారు, తనే బాగుచేసుకునేవారు. కొంగు నడుముకు చుట్టి, డాక్టరులా ప్రశ్నలు మొదలుపెట్టారు.

"పొగ ఎన్నాళ్ల నుంచండీ అన్నయ్యగారూ?"

"గీ పొద్దుగాలే మేడం. నిన్నటిదాంక మంచిగనే ఉండె."

"ఒక్కరోజులో ఇంజన్ అరిగిపోదండీ. అరిగుంటే ఎప్పట్నుంచో కొంచెం కొంచెం వచ్చేది. ఇదేదో వేరే... చూద్దాం ఉండండి."

కారు కింద పాత పేపర్లు పరిచారు. కాసేపాగి బయటికి లాగితే మాకు పటం చూసినట్టుంది! ముందువైపు ఉత్త తడి. "ఇది రేడియేటర్ నీళ్లు. పైపు బిగిస్తే చాలు." చక్రాల దగ్గర తడే లేదు. "బ్రేక్ ఆయిల్ కారట్లేదు, బతికిపోయాం." నడిమధ్యన జిగటగా, తేనె రంగు మరక. "ఇదేంటి... ఇంజన్ ఆయిలే, కానీ ఇంత కొత్తగా ఉంది!"

వెంటనే బానెట్ ఎత్తి, ఇంజన్‌లో నూనె ఎంతుందో చూపే పొడవాటి కడ్డీని లాగారు. తుడిచి, ముంచి, మళ్లీ లాగారు. ఆంటీ కళ్లు పెద్దవయ్యాయి.

"ఉండాల్సిన గీత దాటి ఇంత పైకా! ఎవరు పోశారండీ?"

మా ఇంట్లో దసరాకు కారుకు బొట్టుపెట్టి, కొత్త నూనె కొంచెం పోయడం ఆనవాయితీ. ఎవరు పోయాలో మాత్రం ఎవరూ మాట్లాడుకోలేదు!

నాయిన తల గోక్కున్నాడు. "పూజయినంక జెర్రంత పోసిన మేడం..."

"అరె, నేను సుత పోస్తి గదనే అన్నా!" అన్నాడు బాబాయి.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీరు మరిచిండ్రేమో అని నేను..."

అందరం అవ్వ వైపు చూశాం.

"ఏందిరా గట్ల జూస్తరు? పండుగకు పోరగాండ్లకు తలకు నూనె వెట్టమా? దానికి అందరికన్న మొదలు వోసింది నేనే!"

ఆంటీ నవ్వాపుకోలేక బానెట్ పట్టుకున్నారు. "అందరూ కలిసి దానికి ఊపిరాడకుండా తాగించారన్నమాట! ఎక్కువైంది పొంగి కాలుతోంది, సందుల్లోంచి కారుతోంది. అంతేనండీ!"

కింద బోల్టు వదులుచేసి, ఎక్కువైన నూనెను పాత గిన్నెలోకి దింపారు. కడ్డీ మీద నూనె గీత దగ్గరికొచ్చింది. నాయిన స్టార్ట్ చేశాడు. పొగ... ఇంకా నీలమే!

"లోపల మిగిలింది కాలాలి కదండీ. ఓసారి చెరువు దాకా తిప్పుకు రండి."

నేనూ తమ్ముడూ వెనక అద్దానికి ముక్కులు ఆనించి కూర్చున్నాం. చెరువు కట్ట దాకా నీలమే... ఆ తర్వాత పలచబడింది... తిరిగొచ్చేటప్పుడు ఎత్తు మీద నాయిన కావాలనే గట్టిగా తొక్కాడు. మా వెనక రోడ్డు, చెట్లు, సైకిల్ మీదొస్తున్న మనిషి... అన్నీ తేటగా కనిపించాయి!

"లేదు నాయినా! పొగ లేదు!"

అవ్వ గేటు పట్టుకుని నిలబడి ఉంది. "మేడ్చలాయనకు ఏం జెప్తవ్‌రా?"

"అమ్ముత లేనని జెప్త. ఇయ్యాల పొద్దెక్కింది, రేపు పొద్దుగాల బొల్లారం పోదాం, జల్దీ తయారుండు."

"నేను పొద్దటి నుంచి తయారే ఉన్న. నువ్వే లేవవు!"

ఇప్పటి కార్లలో ఏ చిన్న తేడా వచ్చినా ముందే దీపం వెలుగుతుంది. సర్వీసుకు ఇచ్చేస్తే సాయంత్రానికి ఫోన్ వస్తుంది. ఇంటిల్లిపాదీ బండి చుట్టూ చేరి, దానికేమైందోనని దిగులుపడి, వాదించుకుని, చివరికి నవ్వుకున్న పొద్దులు మాత్రం ఎటుపోయాయో...

మీ ఇంట్లోనూ బండిని మరీ ముద్దుచేసి పరేషాన్ పెట్టిన కథ ఉందా? ఇక్కడ రాయండి... రేపు పొద్దున కాలేజీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అన్నీ చదువుకుంటూ వెళ్తాను!