ఎస్తేరమ్మ కంప్యూటర్‌లో తెరిచిపెట్టిన దొడ్డి తలుపు

2006 వేసవి. ఏలూరు పవర్‌పేటలో నాకు చిన్న రిపేరు దుకాణం ఉండేది. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్ల దాకా వచ్చినవాణ్ణి. ఏ ఇన్‌స్టిట్యూట్ మెట్లూ ఎక్కలేదు. పాత పుస్తకాల కొట్లో కొన్న ఇంగ్లీషు మాన్యువల్స్ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. అందుకే సర్టిఫికెట్ చూపించి నోరు మూయించేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట.

ఒక గురువారం పొద్దున ఎస్తేరమ్మ వచ్చింది. వట్లూరు వైపు ఒక క్రైస్తవ మిషన్ బళ్లో పదహారేళ్లుగా టైపిస్టు. భర్త పోయాక ఆ ఉద్యోగంతోనే ఇల్లు నడుపుతోంది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"బాబాయ్‌గారూ, నా పేరు పోయిందండీ. బడి మెయిల్ నుంచి బూతు బొమ్మలు వెళ్లాయంట. పాస్టరుగార్లకి, పిల్లల తల్లిదండ్రులకి, అందరికీ. ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది నేనొక్కదాన్నే కదండీ. శనివారం కమిటీలో నన్ను తీసేస్తారంట."

"నువ్వేమన్నావమ్మా?"

"ఏమంటానండీ? మొన్న అందరి ముందూ లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను."

వెంటనే బయలుదేరాను. బళ్లో కరస్పాండెంటుగారు మెత్తని మనిషి. కానీ కంప్యూటర్ చదువు చదివిన ఒక ఇంజనీరు అప్పటికే తీర్పు చెప్పి వెళ్లాడట: మెయిల్స్ ఈ మిషన్ నుంచే వెళ్లాయి, ఈ మిషన్ ఆవిడ చేతిలో ఉంది, కాబట్టి పంపింది ఆవిడే. ఫార్మాట్ కొట్టేస్తే, అంటే డిస్కు మొత్తం చెరిపేస్తే, సరిపోతుందన్నాడట. ఇల్లు కాలితే బూడిద ఊడ్చేయమన్నట్టు! ముందు నిప్పు ఎక్కడ పుట్టిందో చూడొద్దూ?

"ఒక్క పావుగంట ఇటు కూర్చోండి" అని కరస్పాండెంటుగారిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఎస్తేరమ్మను గోడవారన బెంచీ మీద ఉండమన్నాను. కీబోర్డు ఎవరూ ముట్టుకోలేదు. అయినా మోడెమ్ దీపం గబగబా కొట్టుకుంటోంది. నెట్‌స్టాట్ అనే కమాండ్ ఇచ్చాను. ఈ కంప్యూటర్ ఆ క్షణాన బయట ఎవరెవరితో మాట్లాడుతోందో అది చూపిస్తుంది. తెర మీద వరసలు వరసలుగా వచ్చాయి. దాదాపు అన్నీ ఇరవై అయిదో నంబరు పోర్టుకే. పోర్టు అంటే గుమ్మం లాంటిది. ఇరవై అయిదు ఉత్తరాలు వెళ్లే గుమ్మం.

"ఇప్పుడు ఎవరు పంపుతున్నారండీ ఇవి?" అని అడిగాను.

ఆయన బెంచీ వైపు చూశారు. ఎస్తేరమ్మ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

నెట్ వైరు పీకాను. కాసేపటికి వరసలు మాయమయ్యాయి. మళ్లీ పెట్టాను. రెండు నిమిషాల్లో మళ్లీ మొదలు.

"దీన్ని బ్యాక్‌డోర్ అంటారండీ. వీధి తలుపుకి తాళం వేసి, దొడ్డి తలుపు గడియ తీసి పెట్టినట్టు. ఎక్కడో కూర్చున్నవాడు అందులోంచి వచ్చి మన కంప్యూటర్‌తో తన పని చేయించుకుంటాడు. పంపింది ఈ మిషనే, ఇంజనీరుగారు చెప్పింది నిజం. మనిషి మాత్రం పంపలేదు."

ఆయన నిట్టూర్చి క్లాసు వైపు వెళ్లారు. ఇక ఆ ప్రోగ్రామ్‌ను వెతకాలి. ఏ కనెక్షన్ ఏ ప్రోగ్రామ్‌దో నెట్‌స్టాటే నంబరుతో చెబుతుంది. ఆ నంబరు పట్టుకుని వెళితే, విండోస్ ఫోల్డర్‌లో అచ్చం విండోస్ సొంత ఫైలులా పేరు పెట్టుకుని ఒకటి కూర్చుని ఉంది. అది పుట్టిన తేదీ చూశాను. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం. అదే నిమిషంలో పుట్టినది ఇంకొకటి కూడా ఉంది: తెలుగు ఫాంట్ల ఫోల్డరు.

వెనక నుంచి ఎస్తేరమ్మ మెల్లగా అంది: "బాబాయ్‌గారూ, అది మీరొచ్చి ఫాంట్లు ఎక్కించిన రోజు కదండీ."

అవును, నేనే. అప్పట్లో తెలుగు టైపింగ్ ప్యాకేజీ కొనుక్కునేవాళ్లు తక్కువ. తాళం విరగ్గొట్టిన, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా చేసిన సీడీ చేతులు మారేది. అది ఎక్కిస్తుంటే యాంటీవైరస్ అరిచేది. దొంగ సీడీ కదా, అరవక ఏం చేస్తుంది అని మేమందరం దాని నోరు మూసేసేవాళ్లం. ఆ రోజు ఈవిడ "ఎర్రగా ఏదో వస్తోందండీ" అంటే, "అదంతా నీకెందుకమ్మా, ఆపెయ్" అన్నది నేనే.

నిజం చెబుతాను. ఆ క్షణాన నాకూ ఫార్మాట్ మీద మోజు పుట్టింది. ఒక్క మీట నొక్కితే ఆ తేదీ ఉండదు. అంతకు గంట ముందే ఆ ఇంజనీరును తిట్టిన నోరు ఇది.

కాగితం తీసుకుని ఫైలు పేరు, తేదీ, సమయం, సీడీ సంగతి రాసి కింద సంతకం పెట్టాను. తరవాతే పని మొదలుపెట్టాను. వైరు పీకి, సేఫ్ మోడ్‌లో, అంటే అవసరమైనవి మాత్రమే నడిచే పద్ధతిలో మిషన్ లేపాను. సిస్టమ్ రిస్టోర్ ఆపాను, లేకపోతే పాత కాపీలోంచి అది మళ్లీ లేస్తుంది. మిషన్ వెలిగినప్పుడల్లా దాన్ని లేపే ఎంట్రీని రిజిస్ట్రీ అనే విండోస్ చిట్టాలోంచి తీసి, ఫైలు చెరిపాను. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆపకూడదు. దొడ్డి దారిన వచ్చినవాడు లోపల ఇంకేం దాచాడో మనకి తెలియదు. డిస్కు ఊడదీసి, దుకాణంలో శుభ్రమైన కంప్యూటర్‌కి తగిలించి యాంటీవైరస్‌తో వెతికించి, మార్కుల జాబితాలు, ఉత్తరాలు మాత్రం కాపీ చేసి, అప్పుడు ఫార్మాట్ కొట్టాను. పాస్‌వర్డులన్నీ వేరే కంప్యూటర్ నుంచి మార్పించాను.

శుక్రవారం సాయంత్రం కరస్పాండెంటుగారు, "సరేలెండి, తేలిపోయింది కదా. కమిటీ ఎందుకు, ఆవిణ్ణి సోమవారం నుంచి మామూలుగా వచ్చేయమనండి" అన్నారు.

"రానండీ" అంది ఎస్తేరమ్మ. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా అంతకుముందు నేను వినలేదు. "అన్నది పదిమంది ముందు. కాదన్నది గదిలో ముగ్గురి మధ్యనా అండీ?"

శనివారం కమిటీ కూర్చుంది. నా కాగితం నేనే చదివాను. చివర కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి, "అయితే తప్పు మీదేనంటారా?" అన్నాడు.

"నాదేనండీ. సీడీ నాది. యాంటీవైరస్ ఆపమన్నదీ నేనే."

ఎవరో ఎస్తేరమ్మతో, "లేచి నీ మాట కూడా చెప్పమ్మా" అన్నారు.

"మొన్న నిలబడ్డాను కదండీ. ఈ రోజు కూర్చునే వింటాను" అంది.

ఆ పెద్దాయనే లేచి, ఆవిడకు క్షమాపణ చెప్పాడు. దాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించాడు.

ఆ మరుసటి వారమంతా బస్సుల్లో తిరిగాను. తాడేపల్లిగూడెం నుంచి జంగారెడ్డిగూడెం దాకా ఆ సీడీ ఎక్కించిన ప్రతి చోటికీ వెళ్లి శుభ్రం చేశాను. ఒక డీటీపీ సెంటరాయన నవ్వి, "మీ పరువు మీరే తీసుకుంటారేంటండీ?" అన్నాడు. ఆయన మిషన్‌లోనూ అదే ఉంది.

ఆ తరవాత ఏ కంప్యూటర్ ముట్టుకున్నా రెండు పనులు మానలేదు. ఏదైనా ఆపమని నేనంటే, ఎందుకో దాని ముందు కూర్చున్న మనిషికి చెప్పడం. తుడిచే ముందు చూసిందంతా కాగితం మీద పెట్టడం, అందులో నా పేరు వచ్చినా సరే.