నన్నడిగితే వాళ్ళు జవాబు చెప్పారు

ఎర్ర సముద్రంలో మునిగిపోయిన ఒక సరుకుల ఓడను చూసి పైకి వచ్చిన మధ్యాహ్నం నాకేదో తేడా తెలిసింది. ఎడమ భుజంలో సలుపు. అన్నం కంచం పట్టుకోలేకపోయాను. పొట్ట మీద దురద, ఎర్రటి మచ్చలు.

తొంభైల మధ్య మాట. అప్పుడు గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్‌ని. కంపెనీ క్లబ్‌లో డైవింగ్ నేర్చుకున్నవాళ్ళం కొందరం కలిసి వారం రోజులకు ఓ పెద్ద పడవ మాట్లాడుకున్నాం. తిండీ పడకా అందులోనే. వీపుకు సిలిండర్ కట్టుకుని గోరువెచ్చటి నీళ్ళలోకి దిగడం, మునిగిన ఓడల్లో తిరగడం. కెప్టెన్ గదిలో వాష్‌బేసిన్‌ని ఒక చేప ఇల్లు చేసుకుంది. నన్ను చూసి కదలనైనా లేదు. అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

పడవ గైడ్ ఈజిప్టు మనిషి. నా దగ్గరకొచ్చి, నొప్పి ఎక్కడ, తిమ్మిరి ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా సూపర్‌వైజరు రాజారావు అందుకున్నాడు. ఆయనది అనకాపల్లి. మా గుంపుకి ఆయనే పెద్ద.

"హీ ఈజ్ ఫైన్. సిలిండర్లు లిఫ్టింగ్, మజిల్ పెయిన్, దట్సాల్."

గైడ్ వెళ్ళగానే నా మీద పడ్డాడు. "ఏట్రా నీ గోల? నొప్పంటే పడవ ఒడ్డుకి తిప్పేస్తాడు. ఇంతమందికి మిగిలిన ఒక్క రోజూ పాడు సేస్తావేటి?"

డైవింగ్ తర్వాత ఇలాంటి నొప్పికి ముందుగా పట్టాల్సిన ఆక్సిజన్ పడవలోనే ఉంది. ఒడ్డున దీనికి వైద్యమూ ఉంది. వాళ్ళు మర్నాడు ఇంకో ఓడ చూడడానికి దిగారు. నేను మంచం మీద మూలిగాను.

ఆ తర్వాతి పొద్దున్నే సెలవు మీద ఇంటికి విమానం ఎక్కాను. గాల్లో ఉండగానే కాళ్ళలో చీమలు పాకినట్టు మొదలైంది. మా చోడవరంలో బస్సు దిగేసరికి మోకాళ్ళు మడతపడిపోయాయి. తెల్లారేసరికి ఒంటేలు రాలేదు.

మునిగిన ఓడ సంగతి వినగానే అమ్మ గుండెలు బాదుకుంది. "సచ్చినోళ్ళున్న ఓడలోకి ఎందుకెళ్ళేవురా నాయనా!" నాన్న పోయాక మా ఇంటికి పెద్ద పెదనాన్నే. "ఓడ మాట ఎక్కడా ఎత్తకండి. గుంటడికి దెయ్యం పట్టిందని ఊరంతా సెప్పుకుంటారు" అని హుకుం వేశాడు.

నర్సింగ్‌హోమ్‌లో డాక్టరు నన్నే అడిగాడు, "ఏం బాబూ, ఎలా మొదలైంది?" అని.

"గల్ఫ్ ఎండలండి బాబూ. తిండి సరిగ్గా తినడు. నరాల నీరసం" అన్నాడు పెదనాన్న.

"పెదనాన్నా, నేను సముద్రంలో..."

"నువ్వూరుకో. పెద్దోళ్ళు మాటాడతన్నప్పుడు మధ్యలో నీకేటి?"

డాక్టరు మళ్ళీ నావైపు చూడలేదు. సెలైన్, బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు, క్యాథెటర్, బెడ్ రెస్ట్. అక్కడ పడుకోబెట్టిన రోజుల్లోనే నా కాళ్ళు దుంగలైపోయాయి.

చివరికి విశాఖపట్నం తీసుకెళ్ళారు. అక్కడి న్యూరాలజిస్టు ఒకావిడ. పెదనాన్న మళ్ళీ గల్ఫ్ ఎండలు మొదలుపెట్టాడు. ఆవిడ మోకాళ్ళ మీద కొట్టి చూసే చిన్న సుత్తిని బల్ల మీద పెట్టింది.

"కాళ్ళు మీవా, అతనివా? మీరు బయట కూర్చోండి."

అంతా చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది. "డైవింగ్ చేసి ఫ్లైట్ ఎక్కావా? ఇది డీకంప్రెషన్ సిక్‌నెస్. లోతు నుంచి పైకొస్తే ఒత్తిడి తగ్గి ఒంట్లో నైట్రోజన్ బుడగలు కడుతుంది, విమానంలో అవి ఇంకా పెరుగుతాయి. అవే నీ స్పైనల్ కార్డ్‌ని, అంటే వెన్నుపాముని, దెబ్బతీశాయి. మొదటి రోజే ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే..." అంది. వెంటనే నేవీ డైవర్లకు వైద్యం చేసే చోటికి ఫోన్ చేసింది.

అక్కడ నన్ను ఇనప గదిలో పెట్టి తలుపు బిగించారు. దాని పేరు రీకంప్రెషన్ చాంబర్. గాలి ఒత్తిడి పెంచుతుంటే చెవులు పగిలిపోతాయేమో అనిపించేది. మాస్క్‌లోంచి ఆక్సిజన్. మొదటి సిట్టింగ్‌కే కుడి బొటనవేలు కదిలింది. భోరున ఏడ్చేశాను. అంతలోనే యూరిన్ ఇన్ఫెక్షన్, చలిజ్వరం. సిట్టింగులు ఆగిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టేసరికి ఎడమ కాలు మొండికేసింది.

ఫిజియోథెరపీలో గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్న రోజుల్లో రాజారావు ఫోన్ చేశాడు. "ఏరా, బాగున్నావేటి? ఫొటోలు కడిగించేను. భలే వచ్చేయి." ఫోన్ పెట్టేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన సెలవు ఆయనకు దక్కింది, నా కాలు నాకు దక్కలేదు.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తాను. చోడవరంలోనే చెరుకు తోటల మోటార్లు రీవైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాను. కూర్చుని చేసుకునే పని. ఎడమ కాలు ఈడుస్తాను, అలవాటైపోయింది. కోపం మాత్రం అలవాటు కాలేదు.

మొన్న పెదనాన్నకు ఒంట్లో బాగులేకపోతే డాక్టరు దగ్గరకు నేనూ వెళ్ళాను. "ఏం పెద్దాయనా, ఏమిటి బాధ?" అని డాక్టరు అడిగాడో లేదో, పెదనాన్న కొడుకు అందుకున్నాడు, "ఏటీ నేదండి, వయసు" అని. కర్రతో నేలమీద ఒక్కటిచ్చాను.

"నువ్వూరుకోరా! ఆయన్ని సెప్పనీ."

పెదనాన్న నా కాలికేసి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మెట్లెక్కితే గుండెల్లో పట్టేస్తందండి. ఇంట్లో ఎవులకీ సెప్పనేదు."

నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు మిమ్మల్ని అడిగితే మీరే చెప్పండి. పక్కవాళ్ళు అందుకుంటే, వాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే, బయట కూర్చోమనండి.