నాన్న మింగిన ముద్ద

మొన్న మా మనవడి భార్య నెల తప్పితే ఏలూరు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ "ముందు మీ ఇద్దరి పళ్ళూ చూపించుకు రండి" అందట. "కనేది తను, నా పళ్ళెందుకు నాయనమ్మా?" అని వీడు ఒకటే గొణుగుడు. నాకు నవ్వాగలేదు. డెబ్భై ఏళ్ళ కిందట మా నాన్న అన్నదీ ఇదే.

కొల్లేటి ఒడ్డున చేపల వేట మా బతుకు. ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టరు, అంత ఎంగిలి పట్టింపు! పసిపిల్లల దగ్గర మాత్రం ఆ పట్టింపు ఏమైపోయేదో. నాన్న చుట్ట పక్కన పెట్టి, చేపముక్కలో ముళ్ళు ఏరి, అన్నంతో కలిపి మెత్తగా నమిలి నా నోట్లో పెట్టేవాడట. ఐదేళ్ళకే నా ముందుపళ్ళు నల్లటి మొదళ్ళయి కూర్చున్నాయి. తమ్ముడు కడుపులో ఉండగా అమ్మకు పంటి చిగురు వాచి దవడ ఉబ్బింది. కడుపుతో ఉన్నప్పుడు పన్ను కదపకూడదని మా నాయనమ్మ గోల పెట్టినా వినకుండా, పడవ మీద కొంత, బస్సు మీద కొంత, ఏలూరు వెళ్ళాం. పళ్ళ డాక్టరు అమ్మ నోరు చూశాడు, నా నోరు చూశాడు, "ఈ పిల్లకి అన్నం నమిలి పెట్టిందెవరు?" అన్నాడు. "నేనేనండీ," అన్నాడు నాన్న, ఎంతో గొప్పగా. ఆయన చేతా నోరు తెరిపించి, "పుచ్చు ఎంగిలితో అంటుకుంటుంది, ఈ పుచ్చుపళ్ళు తీయించుకోండి. అందాకా మీ ఎంగిలి పుట్టబోయే బిడ్డకు తగలనివ్వకండి," అన్నాడు డాక్టరు. అమ్మ ఆ రోజే వైద్యం చేయించుకుంది. నాన్న మాత్రం "కనేది ఆవిడ కదండీ, నా పళ్ళెందుకండీ?" అని బయటికొచ్చేశాడు. గాలివానలో పడవ తోసే మనిషికి పటకారంటే ఒణుకు, అదీ సంగతి!

తమ్ముడు పుట్టాడు. వాడికి అన్నం పెట్టే వయసు దగ్గరపడేకొద్దీ అమ్మకు కాలు నిలిచేది కాదు. నాన్న వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంటే చాలు, పొయ్యి మీది కూర వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. ఒకనాడు చుట్టాలు భోజనాలు చేస్తుండగా, నాన్న ముద్ద నములుతూ వాడి గడ్డం పట్టుకున్నాడు.

"ఏవండీ, ఆ ముద్ద మీరే మింగేయండి," అంది అమ్మ.

"పసిబిడ్డకి ఎంగిలేంటే? తండ్రి కాడా వాడు?" అని నాయనమ్మ లేచింది.

అమ్మ నన్ను రెక్క పట్టుకుని లాక్కొచ్చి "నోరు తెరవ్వే" అంది. అందరి ముందూ తెరిచాను, సిగ్గుతో చచ్చిపోయాను. "వీడి నోరు కూడా ఇలాగైతే నేను చూడలేనండీ," అని అమ్మ భోరుమంది. నాన్న మింగేశాడు. చెయ్యి కడుక్కుని, పడవెక్కి వెళ్ళిపోయాడు.

పొద్దుగూకినా రాలేదు. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని రేవుకీ ఇంటికీ తిరుగుతూనే ఉంది, వెనకాలే నేను. మర్నాడు దవడకు తువ్వాలు కట్టుకుని దిగాడు, నోటినిండా దూది. పుచ్చినవన్నీ, అంటే దాదాపు నోరంతా, ఒక్కసారే తీయించేసుకున్నాడు. అమ్మ తమ్ముణ్ణి ఆయన చేతుల్లో పెట్టి, అన్నం మెత్తగా పిసికి రెండు గిన్నెల్లో తెచ్చింది, వాడికొకటి, ఆయనకొకటి. తమ్ముడి చిగుళ్ళ మీద తెల్లగా పళ్ళు మొలుస్తుంటే, నాన్న వేలితో తడిమి చూసి బోసినోటితో నవ్వేవాడు. అప్పటికాయనకు ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ఎప్పుడో రావలసిన ముసలితనాన్ని కొడుకు కోసం అంత ముందుగా నోట్లోకి పిలుచుకున్నాడు మా నాన్న.