తొమ్మిదో నంబరులో ఎవరో ఉన్నారు

ఏ స్విచ్చి నొక్కాలన్నా ముందు గాలిని అనుమతి అడిగే మనిషి మా పక్క దుకాణంలో ఉన్నాడు. “ఎవరైనా ఉన్నారా?” అని అడిగి, చేతులు వెనక్కి కట్టుకుని, బదులు కోసం ఆగుతాడు. అందుకే వీధంతా అతన్ని ఉన్నారాగారు అంటుంది. ఈ ఒక్క అలవాటుతో అతను ఒక లాయరుని ఓడించడం నేను కళ్లారా చూశాను. నోటితో బతికే మనిషి నోట మాట లేకుండా మెట్లు దిగాడు.

ఉన్నారాగారిది రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలు బాగుచేసే దుకాణం. నాది కుట్టుమిషను దుకాణం. మధ్యన ఉన్నది ఒక్క ప్లైవుడ్ చెక్క. నేను పెద్దగా చదువుకోలేదు గాని, చెవులున్నాయి కనక ఆ రిమోట్ల సంగతి వినీ వినీ వంటబట్టింది. రిమోట్‌లో గోరంత క్రిస్టల్ ఒకటి, విమానంలో ఒకటి, రెండింటి మీదా ఒకే నంబరు ఉండాలి. అదే నంబరుతో ఇంకొకడు దగ్గర్లో రిమోట్ వేశాడా, పైన ఎగిరేది ఎవరి మాట వినాలో తెలియక తలకిందులై పడుతుంది. అందుకని అతను గోడకి నంబర్లు రాసిన మేకులు కొట్టి, వాటికి బట్టల క్లిప్పులు తగిలించాడు. ఏ మేకు క్లిప్పు తీసి చొక్కాకి పెట్టుకుంటే ఆ నంబరు ఆ పూటకి నీది. తొమ్మిదో మేకు మాత్రం ఎప్పుడూ ఖాళీ.

లాయరు వచ్చింది ఆ తొమ్మిది కోసమే. వీధి వెనక మైదానంలో విమానాల పోటీకి తన విమానం పట్టుకొచ్చాడు. మిగతా నంబర్లన్నీ అయిపోయాయి.

“తొమ్మిది క్రిస్టల్ ఇవ్వండి,” అన్నాడు.

“అందులో ఒకరున్నారండీ.”

“ఎవరు?”

“చెప్పకూడదు.”

“విమానాలవాళ్లందర్నీ అడిగొచ్చాను. తొమ్మిది వాడేవాడు ఈ ఊళ్లో లేడు. నాకే అబద్ధం చెబుతున్నారా?”

“నా మాట మీద నమ్మకం లేకపోతే మీరే అడిగి చూడండి.”

“ఎవర్ని?”

ఉన్నారాగారు గాలి వైపు చెయ్యి చూపించాడు. లాయరు నవ్వి, కోర్టు గొంతు పెట్టి, “ఎవరయ్యా తొమ్మిదిలో?” అన్నాడు.

కిటికీ దగ్గర బల్ల మీద ఒక ఎర్ర విమానం ఉంటుంది. అమ్మకానికి కాదు. దాని తోక జుయ్‌మని ఎడమకి తిరిగింది. కాసేపాగి, జుయ్‌మని కుడికి తిరిగింది. దుకాణంలో ఉన్న రిమోట్లన్నీ మూతలు విప్పి, పేగులు బయటపెట్టుకుని పడున్నాయి. లాయరు వంగి బల్ల కింద దారం ఉందేమో వెతికాడు. దారం ఉంటే నా దుకాణంలో ఉంటుంది గాని అక్కడెందుకుంటుంది?

“మళ్లీ అడగొచ్చా?” అన్నాడు, ఈసారి మామూలు గొంతుతో.

“అడగండి. కాస్త మర్యాదగా.”

“అయ్యా, తమరు ఎవరో దయచేసి...”

రెక్కల చివర పలకలు రెండూ ఒక్కసారిగా పైకి లేచాయి. లాయరు తన విమానం అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. మర్నాడు దాన్ని తీసుకెళ్లడానికి గుమాస్తాని పంపాడు.

నాకు దయ్యాలంటే భయం లేదు. నా నోటికి అవే జడవాలి. అయినా ఆ సాయంత్రం నా మిషనుని ఆ చెక్క పక్కనుంచి ఇటు గోడకి జరిపాను. గాలి బాగా వస్తుందని.

అతని అలవాటు దుకాణంతో ఆగితే బాగుండేది. బస్సులో ఖాళీ సీటు ముందు నిలబడి, “ఎవరైనా ఉన్నారా?” అంటాడు. పక్క సీటులో కూర్చున్నవాళ్లు లేచి డ్రైవరు దగ్గరకి వెళ్లిపోతారు. మంగలి దుకాణంలో ఖాళీ కుర్చీని అలాగే అడిగితే, గడ్డం సగం గీయించుకున్న మనిషి నురగతోనే వీధిలో పడ్డాడు. ఆపైన మంగలి తనే ఇంటికొచ్చి చేస్తానని బతిమాలుకున్నాడు.

వాళ్లావిడ చెప్పిన ముచ్చట ఇంకోటి. కాపరానికొచ్చిన కొత్తలో, చొక్కా కోసం బీరువా తలుపు మీద చెయ్యి వేసి, “ఉన్నారా?” అన్నాడట. ఆవిడ తమాషాకి బీరువా వెనక నుంచి, “ఉన్నాను,” అంది. “క్షమించాలి,” అని తలుపు వదిలేసి, ముందురోజు చొక్కాతోనే పనికి వెళ్లిపోయాడు.

“నవ్వొచ్చిందా తల్లీ?” అన్నాను.

“నవ్వొచ్చింది వదినా. సాయంత్రం దాకా ఆ బీరువా తెరవడానికి నాకూ ధైర్యం చాల్లేదు.”

అన్నిటికంటే నా ఒళ్లు జలదరించేది పొద్దువాలే వేళ. మిషను ఆపితే చెక్క అవతల నుంచి అతని గొంతు వినపడేది.

“ఉన్నారా?”

జుయ్.

“మధ్యాహ్నం సరిగ్గా తిన్నారా?”

జుయ్.

“అబద్ధం.”

జుయ్, జుయ్. ఆ వెనక అతని నవ్వు. సందులోంచి తొంగిచూస్తే అతనొక్కడే. మసక వెలుతుర్లో ఆ ఎర్ర తోక, ఎవరో వేలితో తిప్పుతున్నట్టు మెల్లగా తిరిగేది. చచ్చినవాళ్లని “తిన్నారా?” అని అడిగేవాణ్ణి నేను మొదటిసారి చూడటం.

ఒకనాడు సాయంత్రం అతను వైర్లు అతికించే సీసం తీగ కొనడానికి వెళ్తూ, “అక్కా, ఒక కన్నేసి ఉంచండి,” అన్నాడు. గడపలో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి ఎర్ర విమానం తోక కొట్టుకోవడం మొదలెట్టింది. మెల్లగా కాదు. ఎడమకీ కుడికీ, ఎడమకీ కుడికీ, వల్లో పడ్డ చేపలాగా. బల్ల అదురుతోంది. భయం వేస్తే నాకు తిట్లు వస్తాయి, చిన్నప్పటి నుంచీ అంతే.

“ఎవడ్రా నువ్వు? పనీపాటా లేదా? నోరుంటే చెప్పి ఏడు, లేకపోతే నోరు మూసుకు చావు,” అన్నాను.

తోక ఠక్కున ఆగింది. పలకలు రెండూ పైకి లేచాయి. మళ్లీ కొట్టుకుంది.

అప్పుడే వచ్చిన ఉన్నారాగారు దాన్ని చూశాడు. చేతిలో పొట్లం పారేసి, వీధి దాటి, ఎదుటి ఇంటి మేడమెట్లు రెండేసి ఎక్కాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. నేనూ వెనకే పరిగెత్తాను. ఆ మేడగదిలో పాత సామాను వేశారని వీధిలో అందరికీ చెప్పింది నేనే. నేను మా చెల్లెలి ఊరికి వెళ్లిన వారంలో ఆ గదికి ఎవర్ని తెచ్చారో నాకెవరూ చెప్పలేదు.

నల్లటి దోమల జాలీ వేసిన కిటికీ పక్కన మంచం. దాని మీద ఒక పెద్దాయన జారిపోయి, మంచానికీ గోడకీ మధ్య మెడ ఇరుక్కుని ఊపిరికి కొట్టుకుంటున్నాడు. మనిషంతటిలో కదులుతున్నది ఒక్క బొటనవేలు. అది పాత రిమోట్ పుల్ల మీద ఉంది. ఇద్దరం పట్టి పైకి లాగి, దిండు సర్ది, ఆయన ఊపిరి కుదుటపడేదాకా నిలబడ్డాం.

ఆయన ఒకప్పటి డ్రాయింగు మాస్టారు. పక్షవాతం మాటనీ కాళ్లూచేతుల్నీ తీసుకుపోయి బొటనవేలు వదిలేసింది. పగలు చూసుకునే ఆయా సాయంత్రం వెళ్లిపోతుంది. కొడుకూ కోడలూ పని నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. మధ్యలో మిగిలిన ఆ కాసేపు ఉన్నారాగారిది. విమానం పొట్టలో దాచిన చిన్న మైకు దుకాణంలో మాటల్ని ఆయన దిండు పక్కన వినిపిస్తుంది. తోక కుడికైతే అవును, ఎడమకైతే కాదు, పలకలు పైకి లేస్తే నవ్వు.

“ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదే?” అన్నాను.

“జనం వచ్చి జాలిగా చూడటం ఆయనకి ఇష్టం లేదక్కా. చెప్పనా అని అడిగిన ప్రతిసారీ ఎడమకే తిప్పారు. తొమ్మిదో నంబరు ఇంకొకరికి ఇస్తే ఆయన మాటలో వాళ్ల మాట కలిసిపోదా? ఇవాళ కలిసుంటే?”

తర్వాత తల గోక్కుంటూ మిగతాది చెప్పాడు. కుర్రతనంలో మైదానంలో, నంబరు అడక్కుండా రిమోట్ వేసి, గాల్లో ఉన్న మాస్టారి విమానాన్ని పశువుల పాక మీద కూల్చాడట. అప్పటి నుంచే ఈ అడగడం.

“ఆరోజు నుంచి ఆయన నాతో మాట్లాడటం మానేశారు,” అన్నాడు. “ఆయనకి మాట పోయాకే మళ్లీ మాట్లాడుకుంటున్నాం.”

మంచం మీద బొటనవేలు కదిలింది. వీధి అవతల, కిటికీలో పలకలు లేచాయి.

మెట్లు దిగుతూ ఉన్నారాగారు మధ్యలో ఆగాడు. ఏదో పెద్ద సాయం అడగబోయేవాడిలా చొక్కా గుండీ తిప్పుతున్నాడు.

“ఎల్లుండి నాకు కంటి ఆపరేషను అక్కా. కొన్నాళ్లు దుకాణం తెరవలేను. సాయంత్రాలు ఆ కాసేపు మీరు వచ్చి విమానం దగ్గర కూర్చోవాలి.”

“కూర్చుంటాను. ఇన్నాళ్లూ దయ్యమనుకున్న మనిషితో ఏం మాట్లాడమంటావు? ఓదార్పు మాటలు నాకు చేతకావు, ముందే చెబుతున్నా.”

“అయ్యో, ఓదార్చకండి. ఆ పని చేసేవాళ్లు ఇంటినిండా ఉన్నారు. ఇందాక చావుబతుకుల్లో ఉండి కూడా మీ మాటలకి ఆయన పలకలు లేపారని మీరే అన్నారు కదా. మీరు గడప దాటగానే పైన గదిలో అడిగాను, ఆవిడే రావాలా అని. కుడికి తిప్పారు. ఏమీ దాచుకోకుండా తిట్టండి అక్కా.”