పద్నాలుగో బెడ్డు పేషెంటు

ఆ రోజుల్లో మెడకు టై ఉంటే వయసు పదేళ్లు పెరుగుతుందని నమ్మేవాణ్ణి. మే నెలలో గోదావరిఖనిలో టై కట్టుకు తిరిగేవాణ్ణి చూసి జనం జాలిపడతారే తప్ప గౌరవించరని అక్కడికెళ్లాకే తెలిసింది. కాకినాడ నుంచి వచ్చిన ఇరవై మూడేళ్లవాణ్ణి. అక్కడ ఒక దవాఖానలో కేస్ షీట్లన్నీ కంప్యూటర్లోకి మారుస్తున్నారు, సిబ్బందికి నేర్పి రమ్మని మా కంపెనీ పంపింది. వచ్చే సోమవారానికి కంప్యూటర్లో పని మొదలైతే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికి. పగలంతా గొంతు పోయేలా పాఠం చెప్పేవాణ్ణి గానీ, సాయంత్రం లాడ్జి గదికి చేరాక నాతో మాట్లాడేది ఫ్యాను ఒక్కటే (అదీ కరెంటు ఉంటేనే).

నర్సులు మౌస్ ముట్టుకోవడానికే జంకారు. తప్పు నొక్కితే పేషెంటుకు ఏమవుతుందోనని భయం. సరే, లేని పేషెంటునొకణ్ణి పుట్టించి నేర్చుకుందాం అన్నాను. ఏ పేరు చెప్పినా ఒప్పుకోలేదు. ఆ పేరున్నాయన ఏ బొగ్గుగనిలోనో డ్యూటీలో ఉంటాడు, ఉత్తపుణ్యానికి ఆయన మీద రోగం ఎందుకు రాయాలని ఒకటే వాదన. విసుగెత్తి నా పేరే రాసుకోమన్నాను: పద్నాలుగో బెడ్డు, గుండెనొప్పి. పెద్ద సిస్టర్ (యాభై దాటిన మనిషి, వార్డులో అందరికీ అక్క) కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

“మంచిగున్న పోరనికి లేని రోగం రాయొద్దు తమ్మీ. గట్ల రాస్తే మంచిది గాదు.”

గుండెనొప్పి దగ్గర మొదలైన బేరం టైఫాయిడ్ దగ్గర కాసేపు ఆగి, చివరికి కాలు బెణికిందన్న దగ్గర తెగింది. తర్వాత పేషెంటుకు తోడుండే అటెండెంటు పేరు రాసే గడి వచ్చింది. ఇది నింపకపోతే కంప్యూటర్ ముందుకు కదలదని గొప్పగా చెప్పి, నేనే నింపబోయి ఆగిపోయాను. అమ్మానాన్నలు కాకినాడలో ఉన్నారు. ఆ గడికి కావలసింది పిలిస్తే పది నిమిషాల్లో వచ్చే మనిషి. క్లాసంతా చూస్తుండగా ‘ఎవరూ లేరు’ అని కొట్టాను. కంప్యూటర్ మారుమాట్లాడకుండా ఒప్పుకుంది. నాకే ఎందుకో తల కొట్టేసినట్టయింది.

మర్నాడు తెరిచి చూస్తే ఆ గడిలో ‘అక్క’ అని, పక్కన పెద్ద సిస్టర్ ఫోన్ నంబరు! ఆవిడది ఫస్టు షిఫ్టు. సెకండ్ షిఫ్టు ఆయమ్మ దాన్ని కొట్టేసి ‘పెద్దమ్మ’ అని తన నంబరు పెట్టుకుంది. నైట్ షిఫ్టు కాంపౌండర్ మేనమామ అయ్యాడు. షిఫ్టు మారినప్పుడల్లా నా చుట్టరికం మారేది. పేషెంటుకు ఒక్కరే అటెండెంటు ఉండాలని క్లాసులో కోప్పడ్డాను గానీ, రోజూ వెళ్లగానే ఇవాళ నేను ఎవరి తాలూకో ముందు చూసుకునేవాణ్ణి. ఈ పోటీలో వాళ్లందరికీ కంప్యూటర్ వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం, మర్నాటి అసలు పేషెంట్ల కోసం పద్నాలుగో బెడ్డు ఖాళీ చెయ్యాలి. డిశ్చార్జి చేస్తేనే నా పేరు చెరిగేది. అది పెద్ద సిస్టర్ నొక్కాలి. ఆవిడ నొక్కలేదు.

“ఎవరు తోల్కపోతరు?”

ఎవరూ రారని, ఇది ఉత్త ప్రాక్టీసేనని, పని మొదలవగానే రామగుండంలో రైలెక్కుతానని చెప్పి నవ్వబోయాను. నవ్వుకు బదులు ఏడుపొచ్చింది. టై సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

“ప్రాక్టీసైతేంది. వెంట మనిషి లేకుండ ఈ వార్డు నుంచి ఎవ్వల్ని పంపలే.”

వెంట తీసుకెళ్లేవారి గడిలో తన పేరే కొట్టింది. సలహాలు రాసే చోట ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఇంకో రెండు ముక్కలు చేర్చింది: ‘యాళ్లకు తినాలె. ఒక్కనివే ఉండొద్దు.’ అప్పుడు నొక్కింది. బెడ్డు ఖాళీ అయింది. అక్క, పెద్దమ్మ, మేనమామ అందరూ ఒకేసారి పోయారు. ఎలా చెరపాలో వాళ్లకు నేర్పింది నేనే మరి.

సోమవారం పని సవ్యంగా మొదలైంది, నా ఉద్యోగం పర్మనెంటయింది. ఇప్పటికీ ఊరూరా తిరిగి ఇదే పాఠం చెబుతున్నాను. వేళకు తినమని ఆవిడ రాసిన మొదటి మాట ఏనాడూ తప్పలేదు, నా పొట్ట చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. రెండోదే కుదరలేదక్కా.