మగపెళ్ళివారి పంక్తి లేచేదాకా ఆగమన్నారు

ఈ రోజు సామర్లకోటలో ఒక పెళ్ళిలో మిగిలిన భోజనం తేవడానికి మా ఫుడ్ బ్యాంక్ ఆటోలో వెళ్ళాను. ఆసుపత్రి దగ్గర రోగుల తాలూకు మనుషులు పొద్దున్నించీ తిండి లేక ఎదురుచూస్తున్నారు. పెళ్ళికూతురి తండ్రేమో, "మగపెళ్ళివారి పంక్తి లేవందే గిన్నె కదపకూడదండి" అన్నారు. ఇంకాసేపైతే కూరలు పాడైపోతాయి. ఆకలికి మర్యాదలేంటండీ అని అరిచేశాను.

అది విని పెళ్ళికొడుకు తల్లి వచ్చారు. "మాకు సరిపడా ఉంచి మిగతాది ఎక్కించెయ్యండి అన్నయ్యగారూ. మా పేరు చెప్పి ఎవర్నీ పస్తుంచకండి. ఈ అబ్బాయికీ ఓ పొట్లం కట్టివ్వండి, అరుపు చూస్తే ఇతనూ తిన్నట్టు లేదు."

హమ్మయ్య, గంటలో ఆసుపత్రి దగ్గర అందరూ తిన్నారు. తర్వాత నా పొట్లం విప్పాను. పులిహోర అయ్యేసరికి కోపం సగం తగ్గింది. మిగతా సగం మాత్రం వ్యవస్థ మీదేనంటాను. మీరేమంటారు?