ముప్పైరెండు ముల్లంగులు

పిల్లలతో కూరగాయల తోట వేయించడమంత హాయైన పని ఇంకొకటి లేదనేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఒక్కసారి ఆ బడి వెనక పెరట్లోకి రమ్మనండి. కుట్టు టీచరు వాళ్ళని నీళ్ళ మగ్గుతో మొత్తకుండా వదిలితే ఒట్టు.

ఆవిడని బడిలో అందరూ టేపు టీచరంటారు. మెడలో కొలత టేపు లేకుండా పంతొమ్మిదేళ్ళుగా ఆవిడని చూసినవాళ్ళు లేరు. గుడ్డ కొలుస్తుంది, బల్ల కొలుస్తుంది, కొత్త కుర్చీ వస్తే కాళ్ళు నాలుగూ సమానంగా ఉన్నాయో లేదో కొలిచిగానీ కూర్చోదు. "కొలవకుండా కత్తెర పట్టకూడదు" అనే మాట రోజుకి పదిసార్లయినా ఆవిడ నోటి వెంట రావాల్సిందే.

ఆ ఏడు కుట్టు క్లాసు ఎత్తేశారు. మిషన్లు కొట్టుగదిలోకి పోయాయి, వాటి స్థానంలోకి కంప్యూటర్లు వచ్చాయి. ఆవిడని ఏం చెయ్యాలో తోచక పెద్దమాస్టారు వెనక పెరడు అప్పజెప్పాడు.

"నలభై ఐదు రోజులు టైమిస్తున్నానమ్మా. ఐదో తరగతి పిల్లలతో బుట్టెడు కూరగాయలు పండించి చూపించండి. లేదంటే అక్కడ సిమెంటు పోయించి స్కూటర్లు పెట్టించేస్తాను. మీరు ఊరవతల బడికి వెళ్ళాల్సి ఉంటుంది."

ఊరవతల బడంటే రెండు బస్సులు మారాలి. "పంపితే పంపనీ, నాకేం" అంది ఇంటికొచ్చి భర్తతో. అన్నదేగాని, ఈ పిల్లల గోల వినపడని చోట కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. ఆ సంగతి మాత్రం చచ్చినా పైకి చెప్పదు.

మర్నాడు ఖాకీ కాగితం పరిచి, జాకెట్టుకి గీసినట్టే తోటకీ ప్లాను గీసింది. "ఏం వేద్దామో చెప్పండర్రా" అని అడగడం ఆవిడ చేసిన మొదటి తప్పు. ముప్పైరెండు నోళ్ళూ ఒక్కసారే లేచాయి. ఒకడు పుచ్చకాయన్నాడు. ఒకత్తి ఐస్‌క్రీములోకి స్ట్రాబెర్రీలు కావాలంది. వెనక బెంచీలో ఇద్దరు, ఇంకా విత్తనమైనా కొనని టమాటాలు ఎవరింటికెన్ని పట్టుకెళ్ళాలో పంచుకుంటూ జుట్లు పట్టుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

"పుచ్చకాయ ఎందుకొద్దు టీచర్?" అన్నాడు ముందు బెంచీవాడు. వాడికి ఎందుకుగాడనే పేరు ఊరికే రాలేదు.

"నీ బుర్రంత కాయ కాయాలంటే నలభై ఐదు రోజులు చాలవు గనక!"

నెత్తీ నోరూ కొట్టుకుని, తొందరగా చేతికొచ్చేది ముల్లంగేనని తేల్చింది. తలకో మొక్క. ముప్పైరెండు మంది, ముప్పైరెండు ముల్లంగులు, వెరసి ఒక బుట్ట. మొక్కకీ మొక్కకీ మధ్య జానెడు ఉండేటట్టు టేపు పెట్టి కొలిచి, సుద్దపొడితో గీతలు గీయించింది. విత్తనం అరంగుళం లోతున పెట్టమంటే ఒకడు మోచేతి లోతు గొయ్యి తవ్వాడు. ఇంకొకడు విత్తనం ఎలా ఉంటుందో రుచి చూసి, ఇంకోటి ఇమ్మని చెయ్యి చాపాడు. తల ప్రాణం తోకకొచ్చింది ఆవిడకి. చివరికి కళ్ళజోడు పెట్టుకునే ఒక బుద్ధిమంతురాలిని లీడరుగా నియమించి, అమ్మయ్య అనుకుంది. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. కొంప ముంచింది కూడా ఆ గుణమే.

నాలుగో రోజుకి మొలకలొచ్చాయి. పిల్లలు ఎగిరి గంతులేశారు. ఆవిడ కూడా నవ్వింది, ఎవరూ చూడకుండా.

అంతే, అక్కడే ఆగిపోయాయి. పది రోజులైంది, ఇరవై రోజులైంది. మధ్యాహ్నానికల్లా ఆకులు వాలిపోతాయి, పొద్దున్నకి కాస్త తేరుకుంటాయి, మళ్ళీ వాలిపోతాయి. ఎండని తిట్టింది, చీమల్ని తిట్టింది, మట్టి మార్పించింది. విత్తనాల కొట్టుకెళ్ళి, పస లేని సరుకు అంటగట్టావని కొట్టువాణ్ణి దులిపేసింది.

"అదే డబ్బాలోవి మా ఇంట్లోనూ వేశానమ్మా. దుంపలు అప్పుడే బొటనవేలంత ఊరాయి" అన్నాడు వాడు తాపీగా.

దాంతో అనుమానమొచ్చి, ఇరవై ఐదో రోజున అన్నాల బెల్లు కొట్టగానే వెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనక నక్కింది. పిల్లలు వరసగా వచ్చారు. ఒక్కరూ తోసుకోలేదు, ఒక్కరూ అరవలేదు. ఆవిడ క్లాసులో ఏనాడూ అంత పద్ధతిగా ఉన్న పాపాన పోలేదు. ఎందుకుగాడు తన ముల్లంగిని మెల్లిగా పైకి లాగాడు, వేరుని చేతిరుమాలుతో తుడిచాడు, స్కేలు మీద పరిచాడు. కళ్ళజోడు పిల్ల నోటుపుస్తకంలో రాసుకుంది. వాడు మొక్కని మళ్ళీ గుంటలో పాతి, తట్టి, మగ్గుడు నీళ్ళు పోసి పక్కకి జరిగాడు. తర్వాతివాడు ముందుకొచ్చాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది టీచరుకి. "ఓరి మీ దుంప తెగ! ఏం చేస్తున్నార్రా?"

"కొలుస్తున్నాం టీచర్" అంది కళ్ళజోడు, మెచ్చుకుంటారన్నట్టు పుస్తకం చాపుతూ. "కొలవకుండా ఏ పనీ చెయ్యకూడదని మీరేగా చెప్పారు? ముందు రోజుకి ఒకసారే కొలిచేవాళ్ళం. ఎదగట్లేదని ఇప్పుడు రెండుసార్లు కొలుస్తున్నాం."

ఇంకేం తిడుతుంది? చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ట్యాంకు గట్టు మీద కూలబడింది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెంటినీ మింగి, చచ్చినవాటిని పీకించి మళ్ళీ విత్తనాలు వేయించింది. మిగిలినవి ఇరవై రోజులే. ఈసారి ఒకటే షరతు. నీళ్ళు పొయ్యొచ్చు, చూడొచ్చు. మొక్క మీద చెయ్యి వేసినవాడికి మాత్రం వీపు చిట్లుతుంది.

పిల్లలు ఆగారు. చేతులు వెనక్కి కట్టుకుని మరీ ఆగారు. ఆగలేనిది ఆవిడే. రెండోసారి విత్తిన పదహారో రోజు పొద్దున్నే, గేటు తీసీ తీయగానే వచ్చి, అటూ ఇటూ చూసి, చివర మొక్కని సుతారంగా పైకి లాగింది. దుంప చిటికెన వేలంత, తెల్లగా ఉంది. టేపు తీసి దాని పక్కన పెట్టింది.

"టీచర్, మీరు కూడానా?"

వెనక మగ్గుతో కళ్ళజోడు నిలబడి ఉంది. టీచరు మొక్కని గబగబా గుంటలో పెట్టి మట్టి కప్పింది. సాయంత్రానికి అది వాడిపోయింది.

నలభై ఐదో రోజు పెద్దమాస్టారు మేస్త్రీని వెంటబెట్టుకునే వచ్చాడు. మేస్త్రీ చేతిలో కొలతల దారం ఉంది.

"బుట్టేదమ్మా?"

"ఇంకా నిండలేదు సార్. దుంపలు ఇప్పుడిప్పుడే ఊరుతున్నాయి."

"ఊరుతున్నాయో లేదో చూస్తేగదా తెలిసేది" అంటూ ఆయన వంగి ఒక మొక్క ఆకుల్ని పట్టుకున్నాడు.

"వద్దు సార్!"

ముప్పైరెండు గొంతులు ఒక్కసారే అరిచాయి. పిల్లలంతా పరుగెత్తుకొచ్చి ఆయనకీ పాదుకీ మధ్య దూరారు. ఆయన ఉలిక్కిపడి ఆకులు వదిలేశాడు.

"ఎందుకురా వద్దు?"

జన్మలో మొదటిసారి ఎందుకుగాణ్ణి ఇంకొకరు ఎందుకని అడిగారు. "చూస్తే చచ్చిపోతాయి సార్. పోయినసారి ముప్పైరెండూ మేం చూసి చూసే చంపేశాం."

"టీచర్ కూడా ఒకటి" అంది కళ్ళజోడు, అబద్ధం ఆడటం చేతగాక.

పెద్దమాస్టారు టీచరు మొహంలోకి చూశాడు, తర్వాత కిందికి చూశాడు. కాపాడటానికొచ్చిన సైన్యం కాళ్ళ కింద నాలుగు మొక్కలు పచ్చడయ్యాయి.

"ఇదేనా మీ పిల్లలు తోటని కాపాడే పద్ధతి?"

పొమ్మంటే పోతానని ఇన్నాళ్ళూ తిరిగిన మనిషికి ఆ క్షణాన బింకమంతా జారిపోయింది. ఆ నలిగిన మొక్కల్ని చూసి ఒళ్ళు మండింది, వాటి మీద నిలబడ్డ వెధవల్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది.

"అవును సార్, ఇదే. వీళ్ళకేం రాదు, నాకూ రాదు" అంది. "నన్ను పంపకండి సార్. నేను వెళ్ళలేను."

పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఆవిడ వైపు చూశారు. పెద్దమాస్టారు మేస్త్రీ వైపు తిరిగి, ఇప్పుడప్పుడే పని లేదు, మళ్ళీ కబురు చేస్తానని చెప్పాడు.